మే నెలకూ ఆగస్టుకూ ఒకే పెట్టె: ఒక సిగార్ హ్యూమిడర్ తయారీ డైరీ

జనవరి 28

మామయ్య గారు నిన్న తన పెట్టెలోంచి ఒక సిగార్ తీసి రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కగానే అది వేయించిన అప్పడంలా పటపటమంది. పైన చుట్టిన ఆకు ఒక అంచున పొరలా లేచిపోయింది. పదవీ విరమణ రోజున సహోద్యోగులు బహూకరించిన ఆ హ్యూమిడర్, అంటే సిగార్లను తగిన తేమలో నిల్వ ఉంచే పెట్టె, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. నల్లని నిగనిగలాడే పూత, మూతలో అమర్చిన గాజు, గాజు కింద బంగారు రంగు అంచుతో గుండ్రని తేమ మీటరు ఉన్నాయి. ఆ మీటరు ముల్లు నాలుగేళ్లుగా 70 దగ్గరే నిలబడి ఉంది. ముల్లు 70 చూపిస్తుంటే ఆకు అప్పడమెలా అయిందన్నది ఆయన ప్రశ్న. దానికి సమాధానం వెతుకుతూ, అవసరమైతే కొత్త పెట్టెను నేనే చేయించి ఇస్తానని మాట ఇచ్చాను.

నేను పొగ తాగను. ఆయన కూడా వైద్యుల మాట మేరకు పక్షానికి ఒకటికి తగ్గించుకున్నారు. అందుకే కొన్నవి నెలల తరబడి పెట్టెలో ఉండిపోతాయి, నిల్వ సమస్య అక్కడే మొదలవుతుంది. మా నాయనమ్మ కాల్చిన లంక పొగాకు చుట్టలకు ఈ బాధ ఉండేది కాదు, ఎందుకంటే ఆవిడ చుట్టుకున్నది చుట్టుకున్నట్టే అయిపోయేది. సిగార్ సంగతి వేరు. లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన కనిపించే పల్చని పైఆకు అనే మూడు పొరలూ ఒకే తేమలో ఉంటేనే అది విరగకుండా, ఒకే తీరుగా కాలుతుంది. గాలిలో సాపేక్ష తేమ (ఆ వేడిలో గాలి పట్టగల నీటిలో ఎంత శాతం ఉందన్న లెక్క) 65 నుంచి 70 శాతం మధ్య, ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా ఉండాలన్నది ఈ వ్యవహారంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మన హైదరాబాదులో ఆ రెండు అంకెలూ ఒకేసారి దొరికే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో ఈ ఊళ్లో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఫిబ్రవరి 1

పెట్టెను విప్పకముందే మీటరును పరీక్షించాను. దీనికి కావలసినవి ఒక సీసా మూత, చెంచాడు వంట ఉప్పు, కొన్ని చుక్కల నీళ్లు, గాలి చొరబడని జిప్ సంచి మాత్రమే. ఉప్పు పూర్తిగా కరగకూడదు, తడి ఇసుకలా ముద్దగా ఉండాలి. ఆ మూతనూ మీటరునూ ఒకే సంచిలో ఒకదానికొకటి తగలకుండా ఉంచి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేస్తే, లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. గది వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఎంత ఉన్నా ఆ అంకె దాదాపు మారదు. కరగని ఉప్పు కొంత మిగిలి ఉన్నంత కాలం ఆ ద్రావణం గాలిలో తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది.

తెల్లవారి చూస్తే బంగారు అంచు మీటరు 84 చూపిస్తోంది. అంటే అది 9 అంకెలు ఎక్కువ చెబుతోంది. 70 అని చూపిన రోజుల్లో అసలు తేమ 60 చుట్టుపక్కల ఉండి ఉంటుంది, ఎండాకాలంలో ఇంకా తక్కువే అయి ఉంటుంది. ఇలాంటి ముల్లు మీటర్లలో ఒక లోహపు చుట్ట మీద తేమకు స్పందించే పూత ఉంటుంది, ఆ పూత సాగితే ముల్లు తిరుగుతుంది. చవక రకాలలో కొంతకాలానికి పూత బిగుసుకుపోయి ముల్లు ఉన్నచోటే ఉండిపోతుంది. పెట్టె కొనేవారు చెక్క చూసి, మెరుగు చూసి, చివరకు మీటరు చూస్తారు. ఉప్పు పరీక్ష చేయని మీటరును నేను అలంకారంగానే లెక్కిస్తాను.

పెట్టె సీలు కూడా చూశాను. చీకటి గదిలో ఫోను టార్చిని వెలిగించి లోపల పెట్టి మూత వేస్తే, గాజు చుట్టూ సన్నని వెలుగు గీత స్పష్టంగా కనిపించింది. ఇక ఆ పెట్టెకు మరమ్మతు అనవసరమని నిర్ణయించుకున్నాను. ప్రస్తుతానికి సిగార్లన్నిటినీ రబ్బరు అంచుతో నాలుగు వైపులా బిగుసుకునే ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. నిజం చెప్పాలంటే నిల్వ ఒక్కటే లక్ష్యమైతే ఆ డబ్బాతోనే ఈ డైరీ ముగిసిపోయేది. వందల రూపాయల ఆ డబ్బా చేసే పనిని వేల రూపాయల చెక్క పెట్టెలు చాలా చేయలేవు. కానీ మామయ్య గారికి పెట్టె హాలులో, టీపాయ్ మీద ఉండాలి.

ఫిబ్రవరి 11

సిగార్ పెట్టెల లోపల వేసే కలపను ప్రపంచమంతా స్పానిష్ సెడార్ అంటుంది. అది స్పెయిన్ చెట్టు కాదు, సెడార్ జాతీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాలలోనూ కరీబియన్ దీవులలోనూ పెరిగే సెడ్రెలా ఒడొరాటా అనే చెట్టు అది, మన వేపకూ మహాగనికీ చుట్టం, ఒకే కుటుంబం. పెద్దగా ఉబ్బకుండా తేమను పీల్చి వదలడం, బూజు పట్టకపోవడం, పొగాకు వాసనతో పొసగే పరిమళం ఉండటం దాని గుణాలు.

ముషీరాబాద్ కలప డిపోలలో ఈ పేరు పట్టుకుని తిరిగితే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. ‘సెడార్ అంటే దేవదారే గద సార్, మస్తు వాసనొస్తది’ అంటూ ఒక డిపో యజమాని నాకు హిమాలయ దేవదారు పలక చూపించారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, దేవదారు నిజమైన సెడార్ జాతిదే. కానీ దాని నూనె ఘాటుకు పక్కనున్న పొగాకు నెల తిరిగేసరికి అగరుబత్తిలా తయారవుతుంది. మరో చోట చీడ పురుగు పట్టని కలపే కావాలంటే వేప పలక తీసుకోమన్నారు. చుట్టరికం సంగతి ఆయనకు తెలియకపోయినా సలహా ఆ దారిలోనే ఉంది. వేప చేదు వాసన సిగార్‌కు పడదు కనుక వద్దన్నాను.

దిగుమతి కలప గురించి కూడా విచారించాను. 2020 ఆగస్టు నుంచి లాటిన్ అమెరికా సెడ్రెలా జాతులన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నాయి. కాగితాలు సరిగా ఉన్న చిన్న పలకలు దొరకవని కాదు గానీ, ఎనిమిది పలకల కోసం ఆ ప్రయాస అతి అనిపించింది. పైగా మన దేశంలోనే దానికి తోబుట్టువు లాంటి చెట్టు ఉంది. తూన్ అని పిలిచే ఆ చెట్టును ఒకప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు సెడ్రెలా కిందనే చేర్చి, తరువాత టూనా అని వేరు చేశారు. లేత ఎరుపు రంగు, తేలికైన బరువు, సన్నని తీపి వాసన దాని లక్షణాలు. ఉత్తరాదిన సితార్ దండెలూ పైపలకలూ చేసేది ఎక్కువగా దీనితోనే.

ఆ సితార్ అన్న మాట గుర్తుకొచ్చి డిపోలు వదిలి పాతబస్తీ వైపు వెళ్లాను. అక్కడ వాయిద్యాలు మరమ్మతు చేసే ఒక పెద్దాయన దగ్గర అటక మీద పన్నెండేళ్లుగా ఆరుతున్న రెండు తూన్ పలకలు ఉన్నాయి. వాటితో సిగార్ల పెట్టె చేస్తానని చెబితే కొంచెం నొచ్చుకున్నారు. తరువాత పలకను వేలి కణుపుతో కొట్టి, ఆ మోత నాకు వినిపించి, అప్పుడే ధర చెప్పారు. బేరం ఆడాలనిపించలేదు.

ఫిబ్రవరి 27

పెట్టె వెలుపలి భాగానికి పాత ఇంటి ద్వారబంధం కూల్చినప్పుడు వచ్చిన టేకు వాడాం. పాత టేకు ఇక కొత్తగా మెలికలు తిరగదన్న నమ్మకంతో వడ్రంగి మేస్త్రీ అదే ఎంచారు. లోపలి కొలతలు 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల లోతు. టేకు మందం 12 మిల్లీమీటర్లు, లోపల అమర్చే తూన్ పలక మందం 6 మిల్లీమీటర్లు.

మూత దగ్గరే అసలు పనితనం ఉంది. లోపలి తూన్ పలకలు నాలుగు వైపులా టేకు అంచు కంటే 4 మిల్లీమీటర్లు పైకి లేచి ఉండి, మూత వాటి మీదుగా జారి కూర్చోవాలి. గాలి బయటకు రావాలంటే నేరుగా కాక ఒక మెట్టు ఎక్కి దిగాలన్నమాట. సరిగ్గా కుదిరిన మూతను ఒక జానెడు ఎత్తు నుంచి వదిలితే టప్పున పడదు, చివరి అర అంగుళంలో గాలి మెత్తలా అడ్డుపడి నెమ్మదిగా దిగుతుంది. మేస్త్రీకి ఈ సంగతి చెప్పిన తరువాత ఆయన మూడు రోజులు ఆ అంచుతోనే గడిపారు. నాలుగో రోజు పది రూపాయల నోటును అంచు మీద పెట్టి మూత వేసి లాగితే నాలుగు వైపులా ఒకే బిగువుతో వచ్చింది. రాణీగంజ్‌లో కొన్న ఇత్తడి మడత బందులకు మూత పూర్తిగా వెనక్కి వాలకుండా ఆపే ఏర్పాటు లేదు, అందుకని వెనుక ఒక సన్న గొలుసు పెట్టాం.

వెలుపల లక్క పాలిష్ మూడు పూతలు వేయించాను. లోపల ఏ పూతా వేయకూడదు. వార్నిష్ వాసన తూన్‌లోకి ఇంకితే మరి బయటకు రాదు. జిగురు కూడా టేకు కీళ్లకు మాత్రమే వాడి, లోపలి పలకలను ఒకదానికొకటి బిగించి ఊరికే నిలబెట్టమన్నాను.

మార్చి 9

కొత్త పెట్టెలో తేమ పాత్ర పెట్టి నేరుగా సిగార్లు పెడితే ఆ తేమనంతా ముందుగా కలపే తాగేస్తుంది. ఎంత తాగుతుందో లెక్క వేసి చూశాను. పెట్టె లోపలి గాలి సుమారు 8 లీటర్లు. 25 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమతో ఉన్న 8 లీటర్ల గాలిలో ఉండే నీరు గ్రాములో ఎనిమిదో వంతు మాత్రమే. తూన్ పలకల బరువు 700 గ్రాములు. 30 శాతం తేమ గల గాలిలో కలప తన బరువులో దాదాపు 6 శాతం నీటిని, 70 శాతం తేమలో దాదాపు 13 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. తేడా సుమారు 50 గ్రాములు. గాలి అవసరం కంటే కలప దాహం నాలుగు వందల రెట్లు ఎక్కువన్నమాట. ఒకసారి దాహం తీరాక ఆ కలపే ఒక చెరువులా పనిచేసి, మూత తీసిన ప్రతిసారీ పోయిన తేమను త్వరగానే పూడ్చుతుంది. చెక్క పెట్టె మీద ఇన్నాళ్లూ ఉన్న నా అపనమ్మకం ఈ లెక్కతో కొంత తగ్గింది.

కొందరు లోపలి పలకలను తడి గుడ్డతో తుడవమంటారు. ఒక ముక్క మీద ప్రయత్నిస్తే గంటలో విల్లులా వంగింది. కాబట్టి నిదానమైన దారే పట్టాను. స్టీలు గిన్నెలో తడిపిన స్పాంజి పెట్టి, కింద ప్లాస్టిక్ కాగితం పరిచి మూత వేశాను. నీరు డిస్టిల్డ్ వాటర్ కావాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీటిని కొని, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే 2 చూపించింది, మా బోరు నీరు 840 చూపించింది. ఆ బోరు నీటితో స్పాంజి మీద రెండు వారాల్లో సున్నపు పొర కట్టి ఉండేది. వంటింటి త్రాసు మీద ఖాళీ పెట్టె బరువు రాసుకున్నాను: 3,118 గ్రాములు.

మార్చి 24

పెట్టె బరువు 3,176 గ్రాములకు చేరి మూడు రోజులుగా అక్కడే ఆగింది. 58 గ్రాములు పెరిగిందంటే లెక్క దాదాపు కుదిరినట్టే, అదనపు 8 గ్రాములు లోపలి వైపు టేకు తాగి ఉండాలి.

అయితే ఎడమ పలక మధ్యలో పొట్ట తీసింది. కలప పొడవునా ఉబ్బదు, అడ్డంగా ఉబ్బుతుంది. నీటి శాతం 7 పెరిగితే అడ్డపు కొలత నూటికి ఒకటిన్నర చొప్పున సాగుతుంది. మా పలక ఎత్తు 115 మిల్లీమీటర్లు కనుక దాదాపు 1.7 మిల్లీమీటర్లు సాగింది. ఎటూ పోవడానికి చోటు లేక లోపలికి వంగింది. మేస్త్రీ పనితనం మరీ బిగువుగా ఉండటమే దోషం. పలకల అడుగున 2 మిల్లీమీటర్లు తీయించి, మళ్లీ నిలబెట్టాం. పై అంచు ఎత్తు మారకుండా అడుగున రెండు చోట్ల సన్న ముక్కలు ఉంచాం. ఇప్పుడు పొట్ట పోయింది.

ఏప్రిల్ 6

కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఎస్‌హెచ్‌టి 31 తేమ సెన్సర్లు రెండు, పాత రకం డీహెచ్‌టి 22 సెన్సర్ ఒకటి, వాటిని చదివి వైఫైలో పంపే చిన్న ఈఎస్‌పి 8266 బోర్డు ఒకటి తెచ్చాను. ముందుగా మూడింటికీ ఉప్పు సంచి పరీక్ష జరిగింది. డీహెచ్‌టి 22 మీద 81 వచ్చింది, దాన్ని పక్కన పెట్టాను. ఎస్‌హెచ్‌టి 31 రెండూ 73.6, 76.1 చూపాయి. ఒక్క అంకె దగ్గర సరిచూసి ఊరుకుంటే చాలదని, ప్రయోగశాల సామగ్రి దుకాణంలో మెగ్నీషియం క్లోరైడ్ కొని, దాని తడి ముద్ద నిలబెట్టే 33 శాతం దగ్గర కూడా చూశాను. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంది కాబట్టి, ఆ తేడాను ప్రోగ్రాములో కూడి, తీసివేసి సరిపెట్టాను.

బోర్డును పెట్టెలో పెట్టిన మొదటి రోజు సెన్సర్ 62 చూపించి నన్ను హడలగొట్టింది. నిజానికి తగ్గింది తేమ కాదు, పెరిగింది సెన్సర్ వేడి. వైఫై నిరంతరం పనిచేస్తూ బోర్డు వేడెక్కి, పక్కనున్న సెన్సర్‌ను 2 డిగ్రీలు వేడి చేసింది. 25 డిగ్రీల వద్ద 70 శాతంగా ఉన్న తేమ, అదే గాలి 27 డిగ్రీలకు వేడెక్కితే 62 శాతంగా లెక్కకు వస్తుంది. నీరు అంతే ఉంటుంది, గాలికి పట్టగలిగే సామర్థ్యం పెరుగుతుంది. దానికి విరుగుడుగా బోర్డును పావుగంటకు ఒకసారి మాత్రమే మేల్కొనేలా రాశాను. మేల్కొన్న వెంటనే వైఫై మొదలుకాకముందే సెన్సర్‌ను చదివి, తరువాత సమాచారం పంపి, తిరిగి నిద్రపోతుంది. తెరలో అంకె వెంటనే 69.4కు వచ్చింది.

సిగార్లు నిన్ననే లోపలికి చేరాయి, మొత్తం 31. అప్పడంలా ఎండిన వాటిని ఒక్కసారిగా 70లోకి తేకూడదు. లోపలి ఆకు వేగంగా ఉబ్బి పైఆకును చీల్చేస్తుంది. అందుకే అవి రెండు నెలలుగా ప్లాస్టిక్ డబ్బాలో 58తో మొదలై, నెమ్మదిగా 65 వరకు ఎక్కి వచ్చాయి. నాలుగింటి పైఆకు అప్పటికే చిట్లిపోయి ఉంది, వాటికి చేయగలిగిందేమీ లేదు.

ఏప్రిల్ 20

హాలులో మధ్యాహ్నం 36 డిగ్రీలు, తేమ 24 శాతం. పెట్టెలో తేమ 67 దగ్గర నిలిచింది గానీ వేడి 34కు చేరింది. ఇంత వేడిలో తేమ శాతం ఒక్కటే చూసి సంతోషించకూడదు. 21 డిగ్రీల దగ్గర 70 శాతం అంటే ఘనపు మీటరు గాలికి 13 గ్రాముల నీరు, 35 డిగ్రీల దగ్గర అదే 70 శాతం అంటే దాదాపు 28 గ్రాములు. వేడి, తేమ రెండూ ఉన్నచోట బూజుకూ పురుగుకూ పండగే. కాబట్టి మన వేసవిలో 70 పట్టుకుని వేలాడటం కంటే 63 నుంచి 65 దగ్గర ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

చల్లబరచడానికి పెల్టియర్ పలక (కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేది) అమర్చే ప్రయత్నం ఈ ప్రాజెక్టులో నేను చేసిన అతి పెద్ద పొరపాటు. టీఈసీ 1-12706 పలక, ఒక వైపు ఫ్యాను, 12 వోల్టుల సరఫరా పెట్టె వెనుక అమర్చాను. రెండు గంటల్లో వేడి 5 డిగ్రీలు తగ్గింది, దానితో పాటు తేమ 67 నుంచి 51కి జారిపోయింది. చల్లని లోహపు పలక మీద లోపలి తేమంతా చెమటలా పట్టి, బొట్లు బొట్లుగా కిందికి కారింది. పైగా దాదాపు 50 వాట్ల వేడిని అది అదే హాలులోకి వదిలింది. అన్నీ విప్పేసి, వెనుక కోసిన రంధ్రాన్ని టేకు ముక్కతో పూడ్పించాను. ఆ రంధ్రం చూసిన మేస్త్రీ ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది.

ఏప్రిల్ 29

ఇప్పటి ఏర్పాటు చాలా నాటుది. వేసవి మూడు నెలలూ పెట్టె హాలులో కాక, బయటి గోడ లేని మధ్య గదిలో, నేల మీద, ఒక పెద్ద థర్మోకోల్ పెట్టెలో ఉంటుంది. దాని పక్కన తువ్వాలు చుట్టిన ఒక లీటరు గడ్డకట్టిన నీళ్ల సీసా ఉంటుంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మారుస్తాం. ఒక లీటరు మంచు కరిగి 28 డిగ్రీలకు చేరేలోగా సుమారు 450 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. పన్నెండు గంటలకు పంచితే 10 వాట్లు. మా థర్మోకోల్ పెట్టెకు అది 7 డిగ్రీల తేడా ఇస్తుందని లెక్క, అనుభవంలోనూ గది 35 ఉన్నప్పుడు పెట్టె 28 దాటలేదు. చెమట సీసా మీద పడుతుంది, చెక్క పెట్టె మూసే ఉంటుంది కనుక లోపలి తేమ కదలదు. పెల్టియర్ చేసిన తప్పు ఇక్కడ జరగదు.

మే 12

ఈ ఉదయం అడుగు వరుసలో ఒక సిగార్ పైఆకు మీద సూదితో పొడిచినంత గుండ్రని రంధ్రం, దాని కింద చిటికెడు గోధుమ రంగు పొడి కనిపించాయి. తిప్పి చూస్తే ఇంకో రెండింటికీ అలాగే ఉన్నాయి. లేసియోడెర్మా సెరికోర్న్ అనే పొగాకు పురుగు ఇది. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, ఎర్రమట్టి రంగు, తల కిందికి వంచుకున్నట్టు ఉండే గూని ఆకారం. గుడ్లు ఆకులోనే కంటికి కనిపించకుండా ఉంటాయి. వేడి పెరిగాక పొదిగి, పిల్ల పురుగు లోపల సొరంగాలు తవ్వుకుంటూ పెరుగుతుంది. వేడి అనుకూలిస్తే నెల, నెలన్నరలో తరం మారుతుంది. ఏప్రిల్‌లో 34 డిగ్రీలు చూసిన వారం రోజులూ దానికి సరిపోయి ఉంటాయి.

పురుగును భూతద్దం కింద పెట్టి చూస్తుండగా అత్తయ్య గారు వచ్చి తొంగి చూసి, ‘ఇది మన పసుపు కొమ్ముల డబ్బాలో పడేదే కదా అల్లుడు గారూ’ అన్నారు. నేను నమ్మలేదు. ఆవిడ అటక మీది డబ్బా దించి వార్తాపత్రిక మీద దులిపితే, అవే పురుగులు అరడజను రాలాయి. నిజంగానే ఈ పురుగుకు పొగాకు ఒక్కటే తిండి కాదు. ఎండుమిరప, పసుపు, ధనియాలు కూడా దానికి ఇష్టమే. పురుగు ఆకుతోనే వచ్చిందో, వంటింటి నుంచి వచ్చిందో తేల్చలేను గానీ, థర్మోకోల్ పెట్టె పెట్టిన మధ్య గది సరుకుల గదిని ఆనుకుని ఉంది.

రంధ్రాలు పడిన మూడింటినీ పారేశాం. మిగిలిన 28ని రెండు పొరల జిప్ సంచులలో గాలి తీసి, ముందు ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, తరువాత ఐదు రోజులు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో, చివరి రోజు సంచి విప్పకుండా బయట ఉంచాలి. ఫ్రీజర్‌లో మూడు రోజులు చాలునని చాలామంది అంటారు, మా ఇంట్లో ఐస్ సీసాల కోసం ఫ్రీజర్ తలుపు రోజంతా తెరుస్తూ మూస్తూ ఉంటాం కనుక రెండు రోజులు కలిపాను. మెట్లు తప్పించి నేరుగా గడ్డకట్టించినా, నేరుగా బయటకు తీసినా పైఆకు పగులుతుంది. ఖాళీ పెట్టెను కుంచెతో దులిపి, మూలలు వాక్యూమ్‌తో లాగాను. మందులు చల్లలేదు. పసుపు డబ్బాను అత్తయ్య గారు ఎండలో పెట్టారు.

జూన్ 2

పురుగు జాడ మళ్లీ లేదు. ఈ మధ్య మిగిలిన ముక్కలతో చిన్న పనులు చేశాను. సిగార్ లావును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు, 50 లావు అంటే 19.8 మిల్లీమీటర్లు, 42 అంటే 16.7, 54 అంటే 21.4. తూన్ ముక్కలో ఈ కొలతల రంధ్రాలు చేసి ఒక గేజి పలక తయారు చేశాను. మామయ్య గారు దీన్ని మొదట నవ్వులాటగా తీసుకున్నా, ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ అందులో దూర్చి చూస్తున్నారు. తాండూరు బండ ముక్కలో టైల్స్ కోసే యంత్రంతో 22 మిల్లీమీటర్ల గాడి తీయించి బూడిద పళ్లెం చేశాను. అది బరువుగా ఉంటుంది, గాలికి కదలదు.

సిగార్ కొన కోసే కత్తెర కొన్నదే. రెండు వైపుల నుంచీ బ్లేడు కదిలే రకం తీసుకున్నాను, ఎందుకంటే ఒకే బ్లేడు ఉన్నది ఆకును కోసే ముందు ఒక పక్కకు నొక్కి నలుపుతుంది. టోపీలా అతికించిన చివరి పొరలో ఒకటి రెండు మిల్లీమీటర్లే తీయాలి, గుండ్రటి భుజం దాటి కోస్తే పైఆకు మొత్తం ఊడి వస్తుంది. గ్యాస్ లైటర్ విషయంలో ఒకే మాట: నింపే ముందు వాల్వు నొక్కి లోపలి గాలి వదిలేసి, లైటర్‌ను తలకిందులుగా పట్టుకుని నింపాలి. వేసవిలో కారులో వదలకూడదు.

జూలై 19

వర్షాలు పట్టాయి, హాలులో తేమ 82. పెట్టె ఇప్పుడు తిరిగి టీపాయ్ మీదికి వచ్చింది. మే నెలలో నీటిని ఇవ్వడం పనిగా ఉన్న పెట్టెకు ఇప్పుడు నీటిని అడ్డుకోవడం పని. స్పాంజి, పూల దుకాణాల్లో దొరికే పచ్చ ఫోమ్ లాంటివి తేమ ఇవ్వడమే ఎరుగుతాయి, తీసుకోవడం ఎరగవు. ప్రొపిలీన్ గ్లైకాల్ సగం కలిపిన నీరు కొంతవరకు పగ్గం వేస్తుంది గానీ మన వానాకాలానికి అది చాలదు. పది రోజుల్లో పెట్టె 74కు ఎక్కింది.

స్పాంజిని తీసేసి బొవెడా కంపెనీ 65 శాతం తేమ పొట్లాలు, 60 గ్రాములవి, రెండు పెట్టాను. ఇరవై అయిదు సిగార్లకు ఒకటి చొప్పున వాడటం వాడుక. ఆ పొట్లంలో ఉండేది గాఢమైన లవణ ద్రావణమే, చుట్టూ ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొర. ఫిబ్రవరి ఒకటిన సీసా మూతలో నేను కలిపిన ఉప్పు ముద్ద చేసిన పనే ఇదీ చేస్తుంది, లవణాన్ని మారిస్తే నిలబడే అంకె మారుతుంది. వంట ఉప్పుతోనే పొట్లం కట్టుకోవచ్చు కదా అని మామయ్య గారు అడిగారు. అది 75 దగ్గర నిలబడుతుంది, సిగార్‌కు అది చాలా ఎక్కువ, బూజుకు గుమ్మం లాంటిది.

నాలుగు రోజుల్లో 74 నుంచి 67కు దిగింది. పొట్లాలు ఒక్కొక్కటీ 3 గ్రాములు బరువెక్కాయి. అంటే అవి నిజంగానే నీరు తాగుతున్నాయి.

ఆగస్టు 24

నెల రోజుల గ్రాఫులో తేమ 65, 68 మధ్య, వేడి 25, 27 మధ్య నిలిచింది. మూత తీసిన ప్రతిసారీ గ్రాఫులో చిన్న గంటు పడుతుంది, పావుగంట, అరగంటలో పూడిపోతుంది. పక్షానికి ఒకటి అన్న లెక్కతో చూస్తే గంటులు కొంచెం ఎక్కువే ఉన్నాయి. వాసన చూడటానికి తీశానని మామయ్య గారు అన్నారు.

ఒక లోపం మిగిలింది. వానకు టేకు బయటి వైపు నుంచి కొద్దిగా ఉబ్బి, మూత ఎడమ మూల దగ్గర రాసుకుంటోంది, వేసేటప్పుడు చివర్లో వేలితో నొక్కాల్సి వస్తోంది. నిన్న మేస్త్రీని పిలిపించాను. ఆయన మూతను రెండుసార్లు ఎత్తి వదిలి, ఆ మూల మీద బొటనవేలు రాసి, సంచిలోంచి రందా తీయకుండానే లేచారు. ‘దసరా దాటినంక చూద్దాం సార్. ఇప్పుడు రందా పడితే సంక్రాంతికి సందు పడ్తది’ అన్నారు.